భోపాల్ భారత్ భవన్‌లో తోలుబొమ్మలాట కట్టిన తీరు – నా అనుభవం

తోలుబొమ్మలాటని మన ఊళ్ళు దాటించి భారత్ భవన్ లాంటి చోటికి తీసుకెళ్ళేటప్పుడు అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఏ బొమ్మ ఆడుతుంది, ఏ బొమ్మ గోడ మీద ఉంటుంది. రెంటికీ ఒకే బొమ్మ పనికిరాదు. ఆడే బొమ్మని ముల్లు గుచ్చి తెరకి నిలబెడతారు, తెగిన కీలుని అక్కడికక్కడే దారంతో ముడేస్తారు, దీపం పక్కన గంటల తరబడి ఊపుతారు. మ్యూజియంలో పెట్టిన బొమ్మకి ఇవేవీ చెయ్యకూడదు. ప్రదర్శనశాల ఒక వీధిలో, నాటకశాల ఇంకో వీధిలో ఉంటే ఈ చిక్కే రాదు. భారత్ భవన్‌లో రెండూ ఒకే ఆవరణలో ఉంటాయి. మధ్యాహ్నం గోడ మీద చూసిన రావణుణ్ణే సాయంత్రం తెర మీద కూడా చూపించమని ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. అందుకే ఊళ్ళోనే ఆటకి 22, గోడకి 3 అని విడదీసి వేర్వేరు పెట్టెల్లో సర్దుకున్నాం.

ఆ చోటు గురించి రెండు మాటలు. భోపాల్‌లో పెద్ద చెరువు ఒడ్డున, శ్యామలా హిల్స్ వాలులో వాస్తుశిల్పి ఛార్లెస్ కొరియా కట్టిన భవనం ఇది. 1982 ఫిబ్రవరి 13న ఇందిరా గాంధీ ప్రారంభించారు. రూపంకర్ అన్నది చిత్రాల, శిల్పాల మ్యూజియం, వాగర్థ్ కవిత్వానిది, అనహద్ సంగీతానిది. నాటకానికి లోపల అంతరంగ్, బయట చెరువుకి ఎదురుగా బహిరంగ్. రూపంకర్‌ని తీర్చిదిద్దిన చిత్రకారుడు జె. స్వామినాథన్ గోండు ఆదివాసీల చిత్రాల్నీ నగరాల ఆధునిక చిత్రాల్నీ ఒకే వరసలో, ఒకే గౌరవంతో పెట్టాడు. పాటన్‌గఢ్ నుంచి వచ్చిన గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పేరు లోకానికి తెలిసింది ఇక్కడి నుంచే. మన తోలుబొమ్మని హస్తకళల అంగడి సరుకులా కాకుండా బొమ్మగా చూసే చోటు కావాలంటే దేశంలో ఇంతకు మించింది నాకు తట్టదు. అక్కడ కూడా "వీటితో లాంప్‌షేడ్లు చేస్తారు కదా" అన్నవాళ్ళు తగిలారు. ధర్మవరం దగ్గరి తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంటలో ఇవాళ చాలా ఇళ్ళలో పొయ్యి వెలిగేది ఆ లాంప్‌షేడ్లతోనే. కాబట్టి ఆ మాటకి కోపం తెచ్చుకోవడం దండగ.

ఇప్పుడు బొమ్మల సంగతి. మన బొమ్మది పదునుచేసిన (టానింగ్ చేసిన) తోలు కాదు. మేకతోలుని నానబెట్టి, బొచ్చూ కొవ్వూ గీకేసి, లాగి ఎండబెట్టిన పచ్చితోలు. అందుకే వెలుగు దాని గుండా దూరి రంగు తెర మీద పడుతుంది. అందుకే వేడికీ తేమకీ అంత తొందరగా స్పందిస్తుంది కూడా. దక్షిణాది తోలుబొమ్మల్లో మనవే పెద్దవి. నిలువెత్తు హనుమంతుడు 5 నుంచి 6 అడుగులు ఉంటాడు. పది తలల రావణుడికి ఒక్క తోలు చాలదు, మూడు నాలుగు అతకాలి. ప్రయాణానికి బొమ్మలు ఎంచుకునేటప్పుడు ఒక్కొక్కదాన్నీ దీపానికి అడ్డంపెట్టి చూడాలి. మెడ, భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు, ఈ కీళ్ళ దగ్గర దారం నలిగి ఉంటే ఇంటి దగ్గరే మార్చుకోవాలి. మధ్యన నిలువుగా వేసిన బద్దలో చీలిక ఉందేమో వేలితో తడిమి చూడాలి, ఎందుకంటే చీలిన బద్ద ఆటలో ఉన్నట్టుండి విరుగుతుంది. ఇంకో ముఖ్యమైన విషయం. పాత తరం బొమ్మల్లో, ముఖ్యంగా దేవుళ్ళవి, జింకతోలువి ఉండేవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అలాంటివి పట్టుకు తిరగడం, అమ్మడం ప్రమాదం. ఏ బొమ్మ తోలు గురించి అనుమానం ఉన్నా దాన్ని ఇంట్లోనే ఉంచేశాం. మ్యూజియం వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదీ ఒకటి. "మేకతోలు" అని రాసిచ్చే ధైర్యం ఉన్న బొమ్మే పెట్టెలోకి ఎక్కాలి.

ధర్మవరం నుంచి భోపాల్‌కి కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఒక్క బండిలో సరిపోతుంది, మధ్యలో మారక్కర్లేదు. చిక్కల్లా పెట్టెతోనే. బొమ్మని చుట్టకూడదు. చుడితే తోలు ఆ వంపు మరిచిపోదు. పరిచే తీసుకెళ్ళాలి. పరిస్తే పెట్టె 6 అడుగులు దాటుతుంది. స్లీపర్‌లో మనిషికి 40 కిలోల సామాను ఉచితమే గానీ పెట్టె కొలత 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు దాటితే బోగీలోకి రానివ్వరు, సామాను బోగీలో, అంటే బ్రేక్ వ్యాన్‌లో, బుక్ చెయ్యాలి. బండి ధర్మవరంలో ఆగేది కొద్ది నిమిషాలే కాబట్టి పెట్టెల్ని చాలా ముందుగా బుక్ చేసుకుని, రసీదు నంబరు పెట్టె రెండు వైపులా పెయింటుతో రాసుకోవాలి. పెట్టెకి ప్లైవుడ్ మంచిది. 9 మిల్లీమీటర్ల పలక వాడాం, 6 అయితే బస్తాలు పైన పడినప్పుడు మధ్యలో కుంగుతుంది. బొమ్మకీ బొమ్మకీ మధ్య ఉతికిన పాత పంచె గుడ్డ పరవాలి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా రంగు మీదికి దిగుతుంది. ప్లాస్టిక్ కవరు అసలు వద్దు, లోపల తేమ పట్టి బొమ్మలు ఒకదానికొకటి అంటుకుంటాయి. చేతులకి కట్టే పుల్లలు ఊడదీసి విడిగా సంచిలో, ఏ పుల్ల ఏ బొమ్మదో దారం రంగుతో గుర్తుపెట్టుకుని. రాముణ్ణీ రావణుణ్ణీ ఒకదాని మీద ఒకటి పెట్టడానికి మా బృందం పెద్దాయన ఒప్పుకోడు. అది ఆచారం అనుకోండి, కానీ పనికొచ్చే ఆచారం. చీకట్లో పెట్టె తెరిచినా ఎవరు ఎటువైపు ఉన్నారో చేతికి తెలుస్తుంది.

భారత్ భవన్ బయటినుంచి చూస్తే పెద్దగా కనపడదు. పైనుంచి లోపలికి అడుగుపెట్టి, మెట్ల మీదుగా, మేడ తోటల మీదుగా, లోతుగా దించిన ముంగిళ్ళ పక్కనుంచి చెరువు వైపు దిగుతూ పోవాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళకి అదే అందం. సామాను మోసేవాళ్ళకి మాత్రం లెక్క వేరు. వచ్చేటప్పుడు బరువంతా కిందికి దిగుతుంది, ఆట అయ్యాక, ఒళ్ళు అలిసిపోయాక, అంతా పైకి ఎక్కాలి. తిరిగెళ్ళే రైలు అదే రాత్రి పెట్టుకోకండి. సోమవారం భవనానికి సెలవు, మిగతా రోజుల్లో కూడా జనానికి తెరిచేది మధ్యాహ్నమే. కాబట్టి తెర కట్టుకోవడానికి ఉదయాలు బాగా కలిసొస్తాయి.

తెర దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఆట చెడేది ఎక్కువగా ఇక్కడే. మామూలుగా రెండు పంచెలు పక్కపక్కన పెట్టి కుడతారు. పంచె పన్నా 50 అంగుళాలు, రెండూ కలిస్తే కుట్టు పోగా 8 అడుగుల ఎత్తు, 12 అడుగుల పొడవు. ఊళ్ళో అది చాలు. కానీ కుట్టు సరిగ్గా బొమ్మ నడుము దగ్గర అడ్డంగా పడి నల్లటి గీతలా కనిపిస్తుంది. పెద్ద మందిరంలో, దూరం నుంచి చూసేవాళ్ళకి, ఆ గీత బొమ్మని రెండు ముక్కలు చేస్తుంది. దుప్పట్లకి వాడే పెద్ద పన్నా నూలుగుడ్డ తీసుకుంటే ఈ గొడవ ఉండదు. కొత్త గుడ్డని రెండుసార్లు ఉతికి, కుదించుకుపోనిచ్చి అప్పుడే అంచులు కుట్టించాలి. పాలిస్టర్ కలిసిన గుడ్డ వద్దే వద్దు. దీపం మెరుపు నేరుగా కళ్ళలో కొడుతుంది, ముల్లు గుచ్చితే నిలవదు. నాటకశాలల్లో వెనక కట్టే మందపాటి తెల్ల తెర ఇస్తామంటారు, అదీ పనికిరాదు, రంగు దాని గుండా రాదు.

గుడ్డ అంచుకి చుట్టూ మడతకుట్టు వేయించి, జానెడుకొక కన్నం పెట్టించి, చట్రానికి తాడుతో అల్లి బిగించాం. చట్రం మొదట వెదురు బొంగులతో అనుకున్నాం. నేల మీద గుంట తవ్వే వీలు లేనిచోట బొంగు నిలబెట్టడం కష్టం, అందుకని రెండు అంగుళాల ఇనుప గొట్టాలు తీసుకుని కింద ఇసుక బస్తాలు వేశాం. పై అంచు చూసేవాళ్ళ వైపు కొంచెం వాలి ఉండాలి, 8 అడుగులకి ఒక జానెడు. అప్పుడు వెనకనుంచి ఆనించిన బొమ్మ తన బరువుతోనే తెరకి అతుక్కుని ఉంటుంది. నిట్టనిలువుగా కడితే బొమ్మ కాళ్ళు తెర నుంచి విడిపోయి మసగ్గా కనిపిస్తాయి. కింద రెండు అడుగుల దాకా నల్ల కంబళి. ఆటకి గంట ముందు తెర మీద చెయ్యి తడిపి నీళ్ళు చిలకరిస్తే నూలు బిగుసుకుని, ఆరేసరికి డప్పులా అవుతుంది. పెద్దాయన దాన్ని వేలితో కొట్టి విన్నాడు. "తెర వదులైతే దేవుడికైనా నడుం వంగుతాది సామీ" అన్నాడు.

మొదట బహిరంగ్‌లోనే కట్టి చూశాం, చెరువు ఎదురుగా, ఆకాశం కింద, అంతకంటే ఏం కావాలి అనుకుని. తప్పు మాదే. చెరువు మీంచి సాయంత్రం లేచే గాలికి ఆ 12 అడుగుల గుడ్డ తెరచాప అయిపోయింది. తెర బెత్తెడు వెనక్కి జరిగితే చాలు, బొమ్మ నీడ రెండుగా చీలుతుంది. వెనక ఇంకో గుడ్డ కట్టి గాలి ఆపుదామంటే దీపాల వేడి లోపలే నిలిచిపోయింది. మర్నాడు అంతరంగ్‌లోకి మార్చాం. బయట ఆడాలని ఎవరికైనా మనసుంటే తెర 8 అడుగుల పొడవుకి తగ్గించుకోవాలి, మూడు వైపులా తడికలు కట్టుకోవాలి. పెద్ద హనుమంతుణ్ణి మాత్రం ఇంటి దగ్గర వదిలేసి రావాలి.

దీపం. ఒకప్పుడు ఆముదం దీపాలు, తర్వాత పెట్రోమాక్స్, తర్వాత వైర్లు లాగి బల్బులు. మూసిన నాటకశాలలో నిప్పు దీపం పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి, అగ్నిమాపక ఏర్పాట్లు ఉండాలి. ఆటలో దాన్ని కనిపెట్టుకోవడానికే ఒక మనిషి కావాలి. మేము ప్రార్థన వరకే ఒక్క దీపపు కుంది వెలిగించి, గణపతి తెర దిగగానే ఆర్పేశాం. ఆటకి నాలుగు బల్బులు. దీపం ఆడించేవాడి తలకంటే పైన, ఒంటికి ముందు, తెరకి మూరన్నర దూరంలో వేలాడాలి. అతని వెనక పెడితే రాముడి పక్కన అతని నీడ కూడా నిలబడుతుంది. నూనె డబ్బా రేకు కత్తిరించి బల్బు వెనక వంచి కడితే వెలుగంతా తెర మీదికే పోతుంది, ఆడించేవాళ్ళ కళ్ళు చెదరవు.

బల్బుల ఎంపికలో రెండు తప్పులు చేశాం. చల్లటి తెలుపు ఎల్‌ఈడీ పెడితే హనుమంతుడి ఎరుపు ఇటుకపొడిలా, సీతమ్మ ఆకుపచ్చ చీర బూడిదలా కనిపించింది. చిన్నచిన్న చుక్కలతో నిండిన పలక ఎల్‌ఈడీ అయితే ఇంకా అన్యాయం, తెర నుంచి కాస్త విడిన చెయ్యికి పది నీడలు పడ్డాయి. 2,700 కెల్విన్ వెచ్చటి పసుపు, పాలగాజు ఉన్న గుండ్రటి ఎల్‌ఈడీ బల్బు పాత ఫిలమెంట్ బల్బుకి దగ్గరగా వస్తుంది. రెండో తప్పు, వెలుగు చాలడం లేదని నాటకాలకి వాడే హాలోజెన్ దీపం పక్కన పెట్టడం. ఐదు నిమిషాల్లో హాస్యపు బొమ్మ బంగారక్క చెయ్యి అప్పడంలా ముడుచుకుంది. పచ్చితోలు అంతే. ముడుచుకున్న బొమ్మ మీద నీళ్ళు చల్లకూడదు, రంగు కరుగుతుంది. తడిపి పిండేసిన గుడ్డని దగ్గరగా, తగలకుండా ఒక పావుగంట ఉంచి, మెత్తబడ్డాక రెండు చెక్కల మధ్య పెట్టి బరువు వేసి రాత్రంతా వదిలేస్తే చాలావరకు చదునవుతుంది. పూర్తిగా కాదు. ఆ చెయ్యి ఇప్పటికీ కొంచెం వంకరే.

ముళ్ళు ఊరి నుంచే తీసుకెళ్ళాలి. కొలువులో పక్కన నిలబడే బొమ్మలు, అశోకవనం చెట్టు, సింహాసనం, ఇవన్నీ తెరకి తుమ్మముళ్ళతో గుచ్చి నిలబెడతారు. గుండుసూదులు చాలవా అని అడిగారు. చాలవు. సూది నున్నగా ఉండి జారుతుంది, నేల మీద పడితే కనపడదు, ఆడేవాళ్ళు చెప్పులు లేని కాళ్ళతో గంతులేస్తుంటారు. ఓ గుప్పెడు ముళ్ళు చిన్న డబ్బాలో వేసుకుంటే సరి.

ఆ గంతులే సగం వాయిద్యం. ఆడించేవాడు పాట పాడుతూ, మాట చెబుతూ, కాలికి గజ్జెలతో కింద చెక్కని తొక్కుతాడు. యుద్ధం వచ్చేసరికి ఆ చప్పుడే గుండెల్లో మోగుతుంది. గట్టి నేల మీద చెక్కని నేరుగా వేస్తే శబ్దం చచ్చిపోతుంది. రెండు చివర్లా రెండంగుళాల చట్టాలు పెట్టి చెక్కని లేపితే కింద గాలి ఉండి డబడబమంటుంది. మైకు ఒకటి ఆ చెక్క దగ్గర, రెండు ఆడించేవాళ్ళ తలమీద వేలాడేటట్టు, ఒకటి హార్మోనియం, మద్దెలల మధ్య. చేత్తో పట్టుకునే మైకు ఇస్తే తీసుకోకండి, ఆటగాడి రెండు చేతులూ బొమ్మవే.

కథ విషయానికొస్తే, ఊళ్ళో రాత్రంతా, ఒక్కోసారి రోజుల తరబడి సాగే రామాయణాన్ని 75 నిమిషాలకి కుదించాలి. అందరూ చేసే పొరపాటు మొత్తం రామాయణాన్ని గబగబా చెప్పబోవడం. సుందరకాండ ఒక్కటి చాలు. ప్రార్థన 5 నిమిషాలు, జుట్టుపోలిగాడు-బంగారక్క హాస్యం 10, సముద్రం దాటడం, లంకిణి 15, అశోకవనం 15, రావణుడి కొలువు 10, లంకాదహనం 20. పద్యాలూ పాటలూ తెలుగులోనే. రంగనాథ రామాయణం ద్విపదకి హిందీ తర్జుమా పెడితే నడక పోతుంది. ఎవరూ దాన్ని కోరలేదు కూడా, లంక తగలబడ్డం ఏ భాషలో చెప్పినా అర్థమవుతుంది. ప్రేక్షకులకి ఒక్క పేజీ హిందీ సారాంశం పంచాం. జుట్టుపోలిగాడి హాస్యం మాత్రం హిందీలోకి మార్చాలి. అది మా బృందానికి కష్టం కాలేదు, ఎందుకంటే ఈ ఆటవాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది ఆరె మరాఠీ. హిందీ ఎంతో దూరం కాదు. పోలిగాడి మాటల్లో మోటుతనం తగ్గించమని ఇలాంటి చోట్ల సలహాలు వస్తాయి. కొంత తగ్గించుకోవచ్చు, మొత్తం కడిగేస్తే బంగారక్కకి నోరుండదు.

గోడ మీది మూడు బొమ్మల పని ఈలోగా ఇంకో పక్కన. కాగితం ముందు. ఒక్కో బొమ్మకీ ముందు వైపు, వెనక వైపు, దీపానికి అడ్డంపెట్టి, ఇలా మూడు ఫోటోలు. ఎక్కడ చిరుగు, ఎక్కడ అతుకు, ఎక్కడ రంగు రాలింది అని బొమ్మ గీసుకుని గుర్తులు. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇది చెయ్యకుండా ఇచ్చిన బొమ్మకి తిరిగొచ్చాక ఎవరూ జవాబు చెప్పరు. ఫోటోలు తీసేటప్పుడే కన్నాలు చూడాలి. నగలకీ చీర అంచుకీ ఉలితో కొట్టిన కన్నం గుండ్రంగా, అంచు శుభ్రంగా, రెండు వైపులా ఒకేలా ఉంటుంది, వరసలో ఉంటుంది. పురుగు తిన్న కన్నం అంచు కొరికినట్టు ఉంటుంది, కొన్నిచోట్ల పైపొర మాత్రమే పోయి కింద పొర పలచగా మిగులుతుంది, వరస ఉండదు. మాటల్లో సులువే గానీ, ఒక పాత బొమ్మ నెమలి కిరీటం మీద వందల కన్నాల మధ్య నాలుగు పురుగు కన్నాలు పట్టుకోవడానికి పూట పట్టింది. చుట్టుపక్కల గోధుమరంగు పొట్టు, రవ్వలాంటి పొడి కనిపిస్తే పురుగు ఇంకా ఉన్నట్టే. అలాంటి బొమ్మని మిగతావాటితో కలపకూడదు.

వేలాడదీసేటప్పుడు తలకున్న కన్నంలోంచి దారం వెయ్యకూడదు, బరువంతా మెడ కీలు మీద పడి నెలరోజుల్లో తెగుతుంది. మధ్య బద్దకే ఆనిక ఇవ్వాలి, చేతుల కింద మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న ఆసరాలు పెట్టాలి. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉండాలి. నిలకడ ముఖ్యం, అంకె తర్వాత. వెలుగు 50 లక్స్ మించకూడదు. ఇక్కడే ఒక పేచీ. కొరియా భవనంలో పైకప్పు మీది కాంక్రీటు గుల్లల గుండా, మేడ గోడల సందుల గుండా పగటి వెలుగు లోపలికి దిగుతుంది. రాతి శిల్పానికి అది వరం, రంగు తోలుకి శత్రువు. ఆ వెలుగు నేరుగా పడని మూల వెతుక్కోవాలి. మరి తోలుబొమ్మ వెనక దీపం లేకపోతే అందులో చూసేదేముంది అంటారు. నిజమే. ఇప్పటి బొమ్మలవి రసాయన రంగులు, రోజుకి ఆరేడు గంటలు వెనక దీపం వెలిగితే ముందు ఎరుపు, తర్వాత ఆకుపచ్చ వెలిసిపోతాయి. మీట నొక్కితే 30 సెకన్లు వెలిగి ఆరిపోయే దీపం పెట్టడమే మధ్యేమార్గం. పిల్లలు మీట వదలరు, అందుకని మళ్ళీ వెలగడానికి ఒక నిమిషం విరామం పెట్టించాలి. నిగారింపు కోసం కొందరు బొమ్మకి కొబ్బరినూనె రాస్తారు. ఆడే బొమ్మకి రాసుకోండి, గోడ బొమ్మకి వద్దు. దుమ్ము పట్టి, ఏళ్ళకి నల్లబడుతుంది.

గోడ మీద బొమ్మ పెట్టడం గురించి పెద్దాయనకి నాకు లోలోపల ఒక తగువు ఇంకా తీరలేదు. అరిగిపోయిన బొమ్మని నీళ్ళలో వదిలేయడం వాళ్ళ ఆచారం. పని అయిపోయిన దేవుణ్ణి గోడకి బిగించి వందేళ్ళు నిలబెట్టడం ఆయనకి అంత మర్యాదగా అనిపించదు. ఆయన తోటి కళాకారుడు, నిమ్మలకుంట దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది, కొత్త బొమ్మలు చెయ్యగలవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. అలాంటప్పుడు పాతదాన్ని దాచడం దేనికని ఆయన వాదన. చివరికి గోడకి ఇచ్చిన మూడూ కొత్తగా కొట్టినవే, ఎప్పుడూ ఆటలో దిగనివి.

పారితోషికం కాగితాలు: బృందం పేరు మీద ఖాతా, పాన్, రద్దు చేసిన చెక్కు, ప్రతి ఒక్కరి ఆధార్ నకలు. పాన్ మీద పేరూ ఖాతా మీద పేరూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది, డబ్బు ఆగేది అక్కడే. టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోత పోగా చేతికి ఎంత వస్తుందో ముందే లెక్కేసి ఆడేవాళ్ళకి చెప్పాలి, లేకపోతే పంపకాల్లో మాట పడతారు.

తిరుగు సర్దుడు పట్టీ పట్టుకునే చెయ్యాలి. 22 బొమ్మలు లెక్కకి వచ్చాయి. చేతి పుల్లలు రెండు తగ్గాయి, అవి ఎప్పుడూ తగ్గుతాయి. ఊరు చేరాక పెట్టె వెంటనే తెరిచి బొమ్మల్ని ఎండలో కాదు, నీడలో, గాలి తగిలేచోట దండెం మీద ఒక పూట ఆరనిచ్చి, మధ్యమధ్య ఎండు వేపాకు వేసి సర్దాలి. వేపాకు పచ్చిది వేస్తే దాని తేమే బూజు తెస్తుంది. తెర ఉతికి గంజి పెట్టకుండా మడతపెట్టాలి, గంజికి పురుగులు వస్తాయి. ముళ్ళ డబ్బా ఖాళీ చెయ్యండి. వాడిన ముళ్ళ మొనలు మొద్దుబారి ఉంటాయి, మళ్ళీ ఆటకి వెళ్ళే ముందు పొలం గట్టున కొత్తవి విరుచుకోవచ్చు.